తీగ లేకుండా గంట మోగించిన సారు

మన వైపు పొలాల్లో ఇప్పుడు కొంతమంది రైతులు మోటారు దగ్గరికి పోకుండానే మోటారు వేస్తున్నారు. ఇంటి దగ్గర మంచం మీద కూర్చొని మామూలు సెల్‌ఫోను నుంచి ఒక నంబరుకు రింగ్ ఇస్తారు. బోరు దగ్గర స్టార్టర్ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాంట్లో సిమ్ కార్డు ఉంటుంది. ఆ రింగు అందగానే మోటారు ఆన్ అవుతుంది. దీనికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, పెద్ద ఫోను కూడా అక్కర్లేదు. సిగ్నల్ ఒక్కటి ఉంటే చాలు.

ఇది రాక ముందు కరెంటు రాత్రి ఒంటి గంటకు ఇస్తే ఒంటి గంటకే లేచి టార్చిలైటు, కట్టె పట్టుకొని పోవాల్సిందే. గట్ల మీద పాములు, తేళ్లు. తడిచేత్తో స్టార్టర్ ముట్టుకుంటే షాకు. అట్లా పోయి తిరిగి రాని నాయనలు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. దూరం నుంచి స్విచ్ వేయడమనేది సోమరిపోతుల పని అని ఎవరైనా నవ్వితే ఈ సంగతి వాళ్లకు చెప్పాలి.

ఇంతకీ మన దేశంలో తీగ లేకుండా దూరంగా ఉన్న వస్తువును పని చేయించి నలుగురికీ చూపించిన పెద్దమనిషి ఎవరంటే జగదీశ్ చంద్రబోసు గారు. సుభాష్ చంద్రబోసు గారు వేరు, ఈయన వేరు. పరీక్షలో ఒకరికి బదులు ఇంకొకరిని రాసేవాళ్లు మనలో ఉన్నారు కాబట్టి ముందే చెప్తున్నాను.

ఈయన 1858 నవంబరు 30న బెంగాల్లో మైమెన్‌సింగ్‌లో పుట్టినాడు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్రబోసు గారు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ కాలంలో అంత ఉద్యోగం ఉన్నవాళ్లు పిల్లలను ఇంగ్లీషు బడికి పంపేవాళ్లు. ఈయన మాత్రం కొడుకును ఫరీద్‌పూర్‌లో బెంగాలీ బడిలోనే వేసినాడు. ముందు సొంత భాష రావాలి, సొంత జనం తెలియాలి అని ఆయన పట్టు. బడిలో పిల్లవాడికి ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఇంకో పక్క చేపలు పట్టేవాళ్ల కొడుకు. వాళ్లు నీళ్లలో ఉండే జీవాల గురించి, పక్షుల గురించి, అడవి జంతువుల గురించి చెప్తుంటే నోరు తెరుచుకొని వినేవాడంట. ముగ్గురూ కలిసి ఇంటికి వస్తే తల్లి తేడా చూపకుండా అందరికీ అన్నం పెట్టేది.

ఇంకో ముచ్చట ఉంది. పిల్లవాణ్ణి రోజూ బడికి మోసుకుపోయే మనిషి ఒకప్పుడు బందిపోటు! మేజిస్ట్రేటు గారే అతనికి జైలుశిక్ష వేసినాడు. విడుదలై వచ్చి బతుకుదెరువు లేదని నిలబడితే తన ఇంట్లోనే పనికి పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఆ మనిషి తన పాత దోపిడీల కథలు, ఒంటి మీది గాయాల కథలు చెప్పేవాడు. ఒకసారి కుటుంబమంతా పడవలో పోతుంటే దొంగల పడవలు వెంటపడినాయి. ఇతను లేచి నిలబడి ఒక వింత కేక పెట్టినాడు. అంతే, దొంగలు వెనక్కి తిరిగిపోయినారు. దూరం నుంచి సిగ్నల్ ఇవ్వడం బోసు గారు అక్కడే చూసినాడేమో అని నాకు అనిపిస్తుంది.

తొమ్మిదేళ్లప్పుడు కలకత్తాకు పంపినారు. సెయింట్ జేవియర్స్ బడిలో అందరూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే. పల్లెటూరి వాడని, భాష రాదని ఏడిపించేవాళ్లు. బాక్సింగు బాగా వచ్చిన ఒక పిల్లవాడు కొట్టడానికి వస్తే ఈయన బాక్సింగు రాకపోయినా దెబ్బలు తింటూనే చివరికి గెలిచినాడు. ఆ తర్వాత ఎవరూ జోలికి రాలేదు. ఉండేది హాస్టల్లో, అక్కడ తోడు ఉన్నవాళ్లంతా పెద్ద చదువుల వాళ్లు. తన ఈడు వాడు లేడు. అందుకని చిన్న తోట వేసుకొని, జంతువులను పెంచుకొని వాటితోనే కాలం గడిపేవాడు. హాస్టల్లో మొదటి నెల ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1880లో ఇంగ్లండుకు డాక్టరీ చదవడానికి పోయినాడు. డబ్బుకు ఇబ్బంది అయితే తల్లి నగలు ఇస్తానని ముందుకు వచ్చింది. అక్కడ పాత జ్వరం తిరగబెట్టింది, శవాలను కోసే గదిలోని వాసనకు అది ఇంకా ముదిరింది. డాక్టరీ వదిలేసి కేంబ్రిడ్జిలో సైన్సు చదివి డిగ్రీలతో తిరిగి వచ్చినాడు. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరినాడు.

అసలు కథ ఇక్కడ ఉంది. ఆ కాలేజీలో తెల్లవాళ్లకు ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే మనవాళ్లకు ఇచ్చేవాళ్లు. ఈయనది తాత్కాలిక ఉద్యోగమని దాంట్లో కూడా సగమే అన్నారు. అంటే అదే పనికి మూడో వంతు! బోసు గారు తగాదా పడలేదు, సెలవు పెట్టలేదు, బడి ఎగ్గొట్టలేదు. జీతం చెక్కు వస్తే తిప్పి పంపేవాడు, మరుసటి రోజు మామూలుగా పాఠం చెప్పేవాడు. ఒక నెల కాదు, మూడేళ్లు. అప్పటికి తండ్రి స్వదేశీ పనులు, తోటలు అని పెట్టిన డబ్బంతా పోయి ఇంటి నిండా అప్పులు. 1887లో అబలా దాస్ గారితో పెళ్లి కూడా అయింది. కలకత్తాలో ఇల్లు తీసుకునే స్తోమత లేక నది అవతల చంద్రనగర్‌లో ఉండేవాళ్లు. పొద్దున పడవ వేసుకొని నది దాటి కాలేజీకి పోయేవాడు, ఆ పడవను అబలా గారు తెడ్డు వేసుకుంటూ వెనక్కి తెచ్చుకునేది. చివరికి ఆయన పాఠాలకు పిల్లలు మెచ్చుకోవడం, అధికారులు తప్పు ఒప్పుకోవడం జరిగి మూడేళ్ల జీతం మొత్తం పూర్తిగా ఒక్కసారే ఇచ్చినారు. ఆ డబ్బు తండ్రి అప్పులకే పోయింది.

కాలేజీలో ఆయనకు ప్రయోగశాల లేదు. స్నానాల గది పక్కన 24 చదరపు అడుగుల గది, అంటే మన హాస్టల్లో రెండు ట్రంకు పెట్టెలు, ఒక మంచం పడితే నిండిపోయేంత. పరికరాలు చేసిపెట్టడానికి పెద్ద ఇంజనీరు ఎవరూ లేరు, రేకు పని చేసే ఒక మామూలు మనిషిని పెట్టుకొని తనే నేర్పించుకున్నాడు. జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త కంటికి కనపడని విద్యుత్ తరంగాలు ఉన్నాయని 1888 నాటికి రుజువు చేసినాడు. ఇంగ్లండులో లాడ్జ్ కూడా వాటి మీద పని చేసినాడు. వాళ్ల తరంగాలు పొడుగు. బోసు గారు వాటిని మిల్లీమీటర్ల వరకు కుదించినాడు. అందువల్ల పరికరమంతా ఒక పెట్టెలో పట్టేది. ఆ తరంగాలను పరీక్షించడానికి మెలివేసిన జనపనార, పేజీల మధ్య తగరపు రేకులు పెట్టిన రైల్వే టైంటేబుల్ పుస్తకం వాడినాడు. సైన్సు రూములో సామాను లేదని ప్రయోగం మానేసే వాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

1895లో కలకత్తా టౌన్‌హాల్లో అందరి ముందు ప్రదర్శన పెట్టినాడు. ఒక గదిలో తరంగాలు పుట్టించే యంత్రం. 75 అడుగుల దూరంలో, మూడు గోడల అవతల ఇంకో గదిలో వాటిని అందుకునే పరికరం. మధ్యలో ఒక్క తీగ లేదు. అధ్యక్షత వహించిన లెఫ్టినెంట్ గవర్నరు కూడా దారిలోనే కూర్చున్నాడు. ఆయన లావాటి శరీరంలో నుంచి కూడా తరంగాలు దూరిపోయినాయి! ఇక్కడ మీట నొక్కితే అక్కడ గంట మోగింది, పిస్తోలు పేలింది, మందుగుండు భగ్గుమంది.

ఇది ఎట్లా జరిగిందంటే, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. గంటను కొట్టే బలం గాలిలో రాలేదు. అందుకునే పరికరంలో చిన్న చిన్న లోహపు ముక్కలు ఒకదానికొకటి తగలీ తగలనట్టు ఉంటాయి. మామూలుగా వాటిలో కరెంటు సరిగా పారదు. తరంగం తగలగానే దారి తెరుచుకొని అక్కడే ఉన్న బ్యాటరీ కరెంటు పారుతుంది, గంట మోగుతుంది. మన వెలుగోడు రిజర్వాయరు తూము చూడండి. షట్టరు తిప్పే మనిషి చేతి బలం ఎంత, కాలువలో పారే నీళ్ల బలం ఎంత! పంపినది సైగ మాత్రమే, బలం అక్కడిదే. బోరు దగ్గరి సెల్ పెట్టెలో కూడా ఇదే సూత్రం. ఫోను సైగ చిన్న రిలేను కదిలిస్తుంది, రిలే స్టార్టర్‌లోని కాంటాక్టరును లాగుతుంది, మోటారును తిప్పేది మాత్రం స్తంభం మీది త్రీఫేజు కరెంటే.

నీళ్లు కాచే హీటరును కూడా ఇట్లాగే దూరం నుంచి వేయొచ్చు. కానీ జాగ్రత్త. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. చిన్న రిలే దానికి ఓర్చుకోలేక కాలిపోతుంది, మధ్యలో కాంటాక్టరు పెట్టాలి. బకెట్లో వేసే రాడ్డునైతే అసలు పెట్టకూడదు. నీళ్లు లేకుండా రాడ్డు వేడెక్కితే పగిలిపోతుంది. ఆ సమయానికి ఎవరైనా బకెట్లో చేయి పెట్టి ఉంటే ప్రాణమే పోవచ్చు. స్విచ్ దగ్గర నిలబడితే బకెట్టు కనపడుతుంది, ఇంకో ఊళ్లో కూర్చుంటే కనపడదు కదా. మోటారు కూడా అంతే. బాగు చేసేవాళ్లు దాని మీద చేయి పెట్టేముందు మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి.

మళ్లీ కథలోకి వద్దాం. 1897 జనవరిలో లండన్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తల ముందు ఈ ప్రయోగాలు చూపించినాడు. 1898లో అమెరికాలో టెస్లా అనే ఆయన తీగ లేకుండా చిన్న పడవను నడిపి చూపించినాడు. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ సముద్రం అవతలి సైగ అందుకున్నాడు. అప్పుడు వాడిన పాదరసం పరికరానికి మూలం 1899లో బోసు గారు ప్రకటించిన వ్యాసమే అని 1998లో ఒక పరిశోధకుడు చూపించినాడు. అంతమాత్రాన మార్కోని ఏమీ చేయలేదని చెప్పలేము. అంత దూరం వార్త పంపిన ఘనత ఆయనదే, 1909లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. బోసు గారికి వార్తలు పంపే వ్యాపారం మీద ఆశ లేదు. ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని లాభంలో వాటా ఇస్తానని వెంటపడినా ఒప్పుకోలేదు. స్నేహితుల బలవంతం మీద అమెరికాలో ఒక పేటెంటు 1904లో వచ్చింది గానీ దాన్ని కూడా పట్టించుకోకుండా వదిలేసినాడు. ఇది మంచిదా చెడ్డదా అని మన గదిలో రెండు జట్లుగా వాదించుకున్నాము, తేలలేదు. నా మటుకు నాకు పేటెంటు పెట్టుకొని ఆ డబ్బుతో మంచి ల్యాబు కట్టుకొని ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

తర్వాత ఆయన మనసు మొక్కల మీదికి పోయింది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి మొక్కలో కరెంటు సైగలు పారుతాయని కొలిచి చూపించినాడు. మొక్క పెరుగుదలను ఎన్నో లక్షల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ తయారు చేసినాడు. విదేశాల్లో కొందరు నమ్మలేదు, ఆయన చెప్పిన వాటిలో కొన్నింటి మీద చాలాకాలం వాదన నడిచింది. ఆయన దగ్గర చదువుకున్న సత్యేంద్రనాథ్ బోసు, మేఘనాథ్ సాహా తర్వాత ప్రపంచానికి తెలిసిన శాస్త్రవేత్తలైనారు. 1917 నవంబరు 30న, తన పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించినాడు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూసినాడు. ఇంకో వారం ఉంటే 79 నిండేవి.

ఆ చిన్న గదిలో రేకు పనివాడితో చేయించుకున్న పరికరాల్లో కొన్నింటిని ఆ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉంచినారు.