సర్ జగదీశ చంద్ర బోసుగారి సీసపు నేత్రము

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు బాటలో వేసవి యెండ యెట్టిదో మన విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ యెండను చర్మము వేడిగా నెఱుంగును. కన్ను వెలుతురుగా నెఱుంగును. ప్రాణములేని నల్లని ఱాయి యొకటి దానిని విద్యుత్ ప్రవాహములోని మార్పుగా నెఱుంగునని కలకత్తాలో నొక కళాశాలోపాధ్యాయులు కనుగొనిరి. వారే జగదీశ చంద్ర బోసుగారు.

వారు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర బోసుగారు డిప్యూటీ మేజిస్ట్రేటు. అట్టి ఉద్యోగుల బిడ్డలు ఇంగ్లీషు బడికి పోవుట ఆనాటి మర్యాద. ఆయన మాత్రము కుమారుని దేశభాషా పాఠశాలకే పంపెను. అచ్చట బాలుని కొక ప్రక్క బంట్రోతు కుమారుడును, మఱియొక ప్రక్క జాలరి కుమారుడును కూర్చుండెడివారు. పక్షులను గూర్చియు, జలజంతువులను గూర్చియు వారు చెప్పిన ముచ్చట్లే ఆయనకు ప్రకృతిశాస్త్రమున మొదటి పాఠములు. పిమ్మట కలకత్తా సెయింటు జేవియరు కళాశాలలో ఫాదర్ లఫాంటుగారు భౌతికశాస్త్రమున అభిరుచి కలిగించిరి. వైద్యము నేర్వ 1880లో ఇంగ్లండు వెళ్లి, జ్వరపీడచే దానిని విడిచి, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములు చదివి పట్టభద్రులైరి.

1885లో వారికి ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగము దొరకెను. ఈ ఘట్టమును మేము కొంత విస్తరించి చెప్పుట, మేమును ఉపాధ్యాయులమగుటచేతనే. ఆ కాలమున ఒకే పని చేయు ఆచార్యులలో ఆంగ్లేయునికి పూర్తి జీతము, భారతీయునికి అందు మూడింట రెండు వంతులు. బోసుగారి నియామకము తాత్కాలికమని చెప్పి అందునను సగమే యిచ్చిరి. అనగా ఆంగ్లేయుని జీతములో మూడవ వంతు. వారు వాదులాడలేదు, పాఠము మానలేదు. జీతము మాత్రము ముట్టలేదు. ఇట్లు మూడేండ్లు గడచెను. ఇంట సిరి యున్నవా డొకడు ఇట్లు చేసిన నంత వింత కాదు. ఇచ్చట తండ్రి వ్యాపారములలో నష్టపడి ఋణగ్రస్తుడై యుండెను. 1887లో అబలాదేవితో వివాహమును జరిగెను. ఆ దంపతులు దినములెట్లు వెళ్లబుచ్చిరో గృహస్థులే ఊహింపవలెను. తుదకు ప్రభుత్వము వారు లొంగి, పూర్తి జీతమును వెనుకటి తేదీ నుండి లెక్కగట్టి యిచ్చిరి. ఆ సొమ్ము తండ్రి అప్పులకే పోయెను.

1894లో, సరియైన ప్రయోగశాల లేకయే, చిన్న గదిలో తగరపు పనివాని సాయముతో పరికరములు చేయించి వారు విద్యుత్తరంగముల పరిశోధన మొదలిడిరి. ఇతరులు పొడవైన తరంగములతో పనిచేయుచుండగా వీరు ఐదు మిల్లీమీటర్ల తరంగముల పుట్టించిరి. 1895లో టౌనుహాలులో గోడల నడుమనుండి తరంగములను పంపి గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చిరి.

తరంగమును పుట్టించుట కంటె పట్టుట కష్టము. దానికై బోసుగారు గలీనా యను ఖనిజము నెన్నుకొనిరి. సీసమును గంధకమును కూడినదే గలీనా. అంగడిలో సురుమా పేర నమ్ము నల్లని పొడిలో తఱచుగా నుండునది యిదియే; మన గుంటూరు సీమలో అగ్నిగుండాల వద్దను సీసపు ఖనిజ మున్నది. గలీనా ముక్కలను మొన తగులునట్లు అమర్చి, కొద్దిపాటి విద్యుత్తును పంపి, ఎదుట గాజు కటకమును నిలిపిరి. వెలుతురు పడగానే ఆ స్పర్శస్థానమున నిరోధము మాఱి గాల్వనామీటరు ముల్లు కదలెను. కంటికి గోచరింపని తరంగములకును అది కదలెను. అందుచేత దానిని వారు కృత్రిమనేత్రముతో పోల్చిరి.

బోసుగారికి పేటెంట్లనిన గిట్టదు. సోదరి నివేదితయు, అమెరికా దేశస్థురాలు సారా బుల్ గారును పట్టుపట్టి 1901లో దరఖాస్తు చేయించగా, 1904 మార్చి 29న అమెరికాలో పేటెంటు వచ్చెను. దానివలన వారు ధనము గడింప యత్నింపలేదు. ట్రాన్సిస్టరును కనుగొన్నవారిలో నొకరగు బ్రాటెయిన్ గారు 1955లో అర్ధవాహకముల చరిత్ర వ్రాయుచు, రేడియో తరంగముల గ్రహించుటకు అట్టి స్ఫటికమును మొదట వాడినవారు బోసుగారే యని యంగీకరించిరి.

తరువాత వారు మొక్కల చలనములవైపు మఱలిరి; 1917లో బోసు విజ్ఞానమందిరమును స్థాపించిరి; 1920లో రాయల్ సొసైటీ సభ్యులైరి. 1937 నవంబరు 23న గిరిదిహ్ పట్టణమున కాలధర్మము నొందిరి.

ఱాతిపై సూదిమొన యెచ్చట చురుకుగా పనిచేయునో వెదకికొనవలసియుండుట గలీనాతో నున్న చిక్కు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలోను, పిమ్మట ఇతర దేశములలోను, ఆ పదార్థమునే గాజుపై పలుచని పొరగా పఱచి దూరపు వేడిని పసిగట్టు సాధనములు చేసిరి. ఆ పొరను పఱచుటకు కొలిమి యక్కరలేదు. లెడ్ ఎసిటేటు, కాస్టిక్ సోడా, థయోయూరియా కలిపిన నీటిలో శుభ్రమైన గాజుపలకను నిలిపినచో, థయోయూరియానుండి గంధకము మెల్లగా వెలువడి సీసముతో కూడి, పలకపై అద్దమువలె మెఱయు నల్లని పూతగా నంటుకొనును. దాని మందము వెండ్రుకలో సుమారు ఏబదవ వంతు. పిదప గాలిలో తగుమాత్రము కాచినచో వెలుతురునకు సున్నితమగును. సీసము విషమగుటచే ఈ ప్రయోగమును మేము బాలురకు మాటలతోనే చెప్పుచున్నాము.