భాగయ్య నుంచి భాగ్యరెడ్డి వర్మ దాకా

మన హాస్టల్ హాల్లో అంబేద్కర్ గారి ఫోటో ఉంటుంది. జాషువా గారి పద్యాలు స్కూల్లోనే చదువుకున్నాం. మన హైదరాబాదులోనే పుట్టి, వాళ్ళిద్దరికంటే ముందే ఉద్యమం మొదలుపెట్టిన భాగ్యరెడ్డి వర్మ గారి పేరు మాత్రం మనలో చాలామంది పీజీకి వచ్చాకే విన్నాం.

ఆయన 1888 మే 22న ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. అప్పట్లో మనవాళ్ళను పంచములు అనేవారు. పంచముడు అంటే ఐదోవాడు, నాలుగు వర్ణాల లెక్కలోకి రానివాడు. చిన్నప్పటి నుంచి ఆ మాటే వింటూ పెరిగే పిల్లవాడికి మొదట అది తిట్టులా వినిపిస్తుంది. కొన్నాళ్ళకు అదే తన పేరు అనుకుంటాడు. చివరికి తన విలువ కూడా అంతే కాబోలు అనుకుంటాడు. ఎవరూ కర్ర పట్టుకుని నేర్పక్కర్లేదు.

భాగయ్య గారి ఇంట్లో మాత్రం ఇంకో మాట వినబడింది. వాళ్ళ కుటుంబ గురువు ఆ పిల్లవాడికి భాగ్యరెడ్డి అని పేరు పెట్టారు. రెడ్డి అంటే రేడు, పాలకుడు అనీ, ఒకప్పుడు ఈ నేలను ఏలింది మీవాళ్ళేననీ ఆయన వివరణ. 1913లో ఆర్యసమాజం వాళ్ళు వర్మ అనే బిరుదు ఇచ్చారు. ఇవి పై కులాల పేర్లే కదా, వాటిని తగిలించుకుంటే ఆత్మగౌరవం ఎలా అవుతుంది అని మనలో కొందరు వాదిస్తారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఆ పేరుతో ఆయన ఒక్కరే పైకి వెళ్ళిపోవాలని చూడలేదు. మొత్తం జనం పేరే మార్చడానికి పూనుకున్నారు.

1906లో జగన్మిత్ర మండలి పెట్టి బస్తీల్లో హరికథలు, ఉపన్యాసాలు పెట్టించారు. తాగుడు, జంతుబలి, బాల్యవివాహాలు, జోగిని ఆచారం వద్దని తిరిగి చెప్పారు. 1911లో దాన్నే మాన్య సంఘం చేశారు. మాన్యులు అంటే గౌరవించదగినవారు. ఊరు అంటరానివాళ్ళు అన్న జనానికి ఆయన పెట్టిన పేరు అది!

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షులు వర్మ గారు. ఈ దేశపు తొలి నివాసులం మనమే, పంచములమని ఎందుకు ఒప్పుకోవాలి అన్నది ఆయన వాదం. దాంతో పంచమ సభ కాస్తా ఆది ఆంధ్ర సభ అయింది. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసేశారని ఆనాటి సంగతులు రాసినవాళ్ళు చెబుతారు. బయట పేరు మారినా గుడి తలుపు తెరుచుకోలేదన్నమాట. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. నిజాం రాష్ట్రంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అని రాయించగలిగారు. మన రూముల్లో కొందరి కులం సర్టిఫికెట్ మీద ఈనాటికీ ఆది ఆంధ్ర అని ఉంటుంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఈసారి చూసినప్పుడు గుర్తుకొస్తుంది.

పేరు ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. మనకు అన్నిటికంటే దగ్గరగా తోచేది ఆయన బడుల పని. 1910లోనే ఇసామియా బజారులో మన పిల్లల కోసం బడి పెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో ఆ బడుల్లో తెలుగులో చదువు చెప్పించారు. 1930ల మొదటికి ఆ బడులు 26 అయ్యాయి, సుమారు రెండున్నర వేలమంది పిల్లలు చదివారు. హాజరు పట్టీలో తన పేరు పిలిస్తే లేచి నిలబడి పలికే అవకాశం వాళ్ళలో చాలామందికి ఇంట్లో అదే మొదటిసారి. మనలో కూడా ఇంటికి తొలి చదువరులం చాలామందిమి ఉన్నాం, అందుకే ఆ దృశ్యాన్ని ఊహించుకోవడం మనకు కష్టం కాదు.

1931లో భాగ్యనగర్ అనే పక్షపత్రిక మొదలుపెట్టారు. 1937లో దాని పేరు కూడా ఆది హిందూ అని మార్చారు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఏళ్ళ వయసులో హైదరాబాదులోనే కన్నుమూశారు.