విప్పి చూసి విద్య నేర్చిన జి.డి. నాయుడు

ఆటోనగర్ (విజయవాడ): ఇక్కడ ఏ షెడ్డులోకి తొంగి చూసినా లారీ ఇంజను విప్పి, సామాను కిరసనాయిలులో కడుగుతున్న పనివారు కనబడతారు. పుస్తకం పట్టకుండా పానా పట్టి మేస్త్రీలైన వారు వీరిలో ఎందరో. ఇలా నేర్చిన చదువు ఎంత దూరం తీసుకుపోగలదో తెలియాలంటే, ఇండియా ఎడిసన్ అని పేరు పొందిన కోయంబత్తూరు జి.డి. నాయుడు జీవితం తెలుసుకోవాలి.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. వారిది తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. ఆయనకు బడి పడలేదు. చదువు చిన్న తరగతులలోనే ఆగిపోయింది. పొలం పనిలో ఉండగా ఒకనాడు ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద ఆ ఊరు వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా నడిచే ఆ బండి మీద నాయుడుగారి మనసు పడింది. కోయంబత్తూరు చేరి, హోటల్లో సర్వరుగా కొన్నేళ్లు పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఆ దొర బండినే కొన్నారు.

కొన్న బండిని ఊరేగించుకుని తిరగలేదు. ఏ ముక్కకు ఆ ముక్క విప్పేసి, మళ్లీ బిగించారు. నేర్పే గురువు లేడు. ఇంటి దగ్గర బండి విప్పిన వారికి ఆ కష్టం తెలుసు. వసారా అంతా నూనె మరకలవుతుంది. వంటింటి పళ్లెం నట్లకు పోతుంది. ఇంట్లో ఆడవాళ్ల చేత మాట పడక తప్పదు. అంతా బిగించాక ఒక బోల్టు మిగిలిపోతే మళ్లీ మొదటికి రావాలి. కానీ గాలి, పెట్రోలు కార్బురేటరులో ఎలా కలుస్తాయో, ప్లగ్గు నిప్పురవ్వకు పిస్టను ఎలా కదులుతుందో ఒక్కసారి కంటితో చూస్తే జన్మలో మరవరు. బండి మళ్లీ కూతపెట్టిన క్షణాన కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పనితోనే నాయుడుగారు మెకానిక్ అయ్యారు.

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే తరువాత యు.ఎం.ఎస్. అనే పెద్ద బస్సు కంపెనీ అయింది. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దానిని చెబుతారు. గడ్డం గీసే రసంత్ విద్యుత్ రేజరు, కరెంటు లేని ఇళ్లకు కిరసనాయిలుతో తిరిగే పంకా ఆయన చేసినవే. రైతుబిడ్డ కనుక పొలాన్నీ వదలలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్త రకాలు పండించారు. ఆయన తోటను సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చూశారు.

అన్నీ జయాలే కాలేదు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండు వేల రూపాయలు మాత్రమే. కాని తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. సామాన్యుడి గడపకు రావలసిన కారు అక్కడే ఆగిపోయింది.

తనకు లేని చదువు పదిమందికీ అందాలని 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల నెలకొల్పారు. ఏళ్ల తరబడి బల్లల మీద కూర్చోపెట్టే కన్నా, తక్కువ కాలంలో చేతిపని నేర్పడమే మేలని ఆయన వాదం. అది పైవారికి నచ్చలేదు. ఆయన 1974 జనవరి 4న కన్నుమూశారు.

నాయుడుగారి రోజులు వేరు, ఇప్పటి రోజులు వేరు. రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు మారిపోయేలా బండిని సొంతంగా మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. మార్పు చేయదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి. పాత బండిని విప్పి, ఉన్నది ఉన్నట్టు బిగించి పని నేర్చుకోవడానికి మాత్రం అడ్డు లేదు. కోయంబత్తూరు వెళ్లినవారు అక్కడి జి.డి. నాయుడు మ్యూజియంలో ఆయన చేసిన వస్తువులు చూసి రావచ్చు. పానా పట్టిన పిల్లలున్న ఇంటివారు వారిని తప్పక వెంటబెట్టుకుని వెళ్లాలి.