పేదింటి గెర్బర్ట్ - తొమ్మిది అంకెలు

గెర్బర్ట్ అనేది పాత జర్మానిక్ భాషల పేరు. 'గెర్' అంటే ఈటె, 'బెర్ట్' అంటే ప్రకాశించేది. వీరులకు తగిన పేరు. కానీ ఆ పేరును చరిత్రలో నిలబెట్టిన వ్యక్తి ఈటె పట్టలేదు, పుస్తకం పట్టాడు.

గెర్బర్ట్ క్రీ.శ. 945 ప్రాంతంలో ఫ్రాన్సులోని ఓవెర్న్ సీమలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. ఆస్తి లేదు, పేరున్న వంశం కాదు. చిన్నతనంలోనే ఒరియాక్‌లోని క్రైస్తవ మఠంలో చేరాడు. తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడే. రేమండ్ అనే గురువు అతనికి లాటిన్ వ్యాకరణం నేర్పాడు.

967లో బార్సిలోనా ప్రభువు బొరెల్ ఆ మఠానికి వచ్చాడు. ఆయన దేశంలో గొప్ప పండితులున్నారని తెలుసుకున్న మఠాధిపతి, గెర్బర్ట్‌ను ఆయన వెంట పంపించాడు. అక్కడ బిషప్ అట్టో వద్ద గెర్బర్ట్ గణితం చదివాడు. ఆ ప్రాంతం పక్కనే అరబ్బుల రాజ్యం. మన భారతదేశంలో పుట్టిన అంకెలు అరబ్బుల ద్వారానే అటువైపు చేరాయి.

తర్వాత రైమ్స్ నగరంలో ఉపాధ్యాయుడయ్యాడు. అప్పట్లో యూరప్‌లో రోమన్ అంకెలే వాడేవారు. వాటితో గుణకారం, భాగహారం చేయడం ఎంతో కష్టం. గెర్బర్ట్ డాళ్లు చేసే పనివాడితో 27 వరుసల లెక్కల పలక చేయించాడు. కొమ్ముతో వెయ్యి బిళ్లలు చేయించి, వాటిపై తొమ్మిది అంకెల గుర్తులు వేయించాడు. బిళ్ల ఏ వరుసలో ఉంటే దానికి ఆ విలువ. సున్నా ఉండాల్సిన చోట వరుసను ఖాళీగా వదిలేవారు. పెద్ద లెక్కలు కూడా తేలికయ్యాయి.

ఫ్రాన్సు రాజైన రెండవ రాబర్ట్ ఆయన శిష్యుడే. జర్మన్ చక్రవర్తి మూడవ ఒట్టో కూడా ఆయన దగ్గర చదువుకున్నాడు. 999లో గెర్బర్ట్ రెండవ సిల్వెస్టర్ అనే పేరుతో పోప్ అయ్యాడు. ఫ్రాన్సు నుంచి ఆ పీఠమెక్కిన మొదటివాడు ఆయనే. 1003 మే 12న రోమ్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయాక వింత పుకార్లు పుట్టాయి. దయ్యంతో ఒప్పందం చేసుకున్నాడని, మంత్రాలతోనే పోప్ అయ్యాడని కథలల్లారు. పేదింటి పిల్లవాడు చదువుతోనే అంత ఎత్తుకు ఎదిగాడంటే చాలామందికి నమ్మబుద్ధి కాలేదేమో!

ఎంత ఎదిగినా గెర్బర్ట్ ఒరియాక్ మఠాన్ని మరువలేదు. అక్కడికి ఉత్తరాలు రాసేవాడు. తన చదువుకు దేవుని తర్వాత రేమండ్ గురువే కారణమని చెప్పుకున్నాడు. హాస్టల్‌లో చదువుకుంటున్న మనకూ, చదివి వెళ్లిన అన్నలకూ గుర్తుంచుకోదగ్గ జీవితం ఇది.