చూపు నొసగిన వైద్యుడు

గోదావరీనది పడమటి గట్టున, రాజమహేంద్రవరమున కెదురుగా, కొవ్వూరు పట్టణము కలదు. అచ్చటి గోష్పాదక్షేత్రమునకు పర్వదినములలో నలుమూలలనుండి యాత్రికులు వచ్చి స్నానము చేయుదురు. వారిలో ముదుసలులు పెక్కుమంది. ఏబది యేండ్ల క్రిందట ఆ మెట్లు దిగు వృద్ధులలో కొందరి ముక్కులపై సీసా అడుగువంటి దళసరి అద్దము లుండెడివి. మరికొందరు మనుమల భుజములపై చేతులు వైచి, కాలితో మెట్టును తడవుకొనుచు దిగెడివారు. నేడు అట్టి ముదుసలులు ఎందరో ఒరుల ఊత కోరక దిగి, నీటిలో దీపము విడిచి, అది సాగిపోవు దూరమును తామే చూచుకొనుచున్నారు. వారి కంటిలో కందిబద్దంత స్వచ్ఛమైన కటకమొకటి అమర్చబడి యున్నది. అది యున్నట్లు ఎదుటివారికి తెలియదు. కొంతకాలమునకు వారును దానిని మరచిపోవుదురు.

ఈ కటకమును మొదట కంటిలో అమర్చినవాడు ఒక ఆంగ్లేయుడు. దానిని పేదవాని కంటికి అందునట్లు చేసినవారిలో అగ్రగణ్యులు మన దక్షిణదేశపు వైద్యులొకరు. ఆయన చేతివ్రేళ్లు వ్యాధిచే వంకరపోయి యుండెను. ఆ వ్రేళ్లతోనే ఆయన లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేసిరి. ఆయనయే డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు.

తమిళదేశమున ఎట్టయపురమునకు సమీపమున వడమలాపురమను పల్లె కలదు. నల్లరేగడి నేలలు గల ఆ సీమకు విజయనగరరాజుల కాలమునుండి తెలుగు కుటుంబము లెన్నియో వలసపోయి, సేద్యము చేసికొనుచు స్థిరపడినవి. అట్టి రైతు కుటుంబమున 1918వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన వెంకటస్వామి జన్మించెను. ఐదుగురు బిడ్డలలో అతడే పెద్దవాడు. ఉదయముననే గేదెలను మేతకు తోలుకొని పోయి, పిదప బడికి పోవుట అతనికి నిత్యకృత్యము. ఆ బడిలో పలకలు లేవు, కాగితములు లేవు. ఏటినుండి తెచ్చిన ఇసుకను నేలపై పరచి, వ్రేలితో అక్షరములు దిద్దుకొనుటయే చదువు.

అతనికి పదియేండ్ల ప్రాయమున ఆ యింట ఘోరమైన దుఃఖము సంభవించెను. దగ్గరి బంధువులైన ముగ్గురు ఆడపడుచులు, ఒకరి తరువాత నొకరు, నెలలు నిండుచున్న సమయమున మరణించిరి. వారిని చూచుటకు ఆ పల్లెలో వైద్యుడు లేడు. నాడే ఆ బాలుడు వైద్యుడు కావలెననియు, గర్భిణీస్త్రీల ప్రాణములు కాపాడవలెననియు నిశ్చయించుకొనెను.

ఆ నిశ్చయమును ఆయన విడువలేదు. మధురలోని అమెరికన్ కళాశాలలో రసాయనశాస్త్రమున పట్టము పొంది, 1944లో చెన్నపట్టణపు స్టాన్లీ వైద్యకళాశాలనుండి వైద్యులై వెలువడిరి. అది రెండవ ప్రపంచయుద్ధకాలము. ఆయన సైన్యమున వైద్యులుగా చేరి బర్మాలో పనిచేసిరి. కాని విధి మరియొకటి తలచెను. తీవ్రమైన కీళ్లవాతము ఆయనను పట్టెను. 1948లో సైన్యమునుండి వైదొలగవలసివచ్చెను. పిమ్మట ఏడాదికి పైగా ఆసుపత్రిలో మంచము పట్టియుండిరి. నిలువలేరు, నడువలేరు, కలము పట్టుటకైనను వ్రేళ్లు వంగవు. వ్యాధి కొంత నెమ్మదించునప్పటికి రెండు చేతుల వ్రేళ్లును మెలివడి, శాశ్వతముగా వంకరపోయినవి. ప్రసవవైద్యమునకు గంటల తరబడి నిలిచియుండు ఓపికయు, చేతిబలమును కావలెను. చిన్ననాటినుండి కన్న కల అంతటితో ముగిసెను.

మరియొకరైనచో వైద్యవృత్తినే విడిచియుందురు. వెంకటస్వామిగారు నేత్రవైద్యమును ఎన్నుకొనిరి. 1951లో ఆ శాస్త్రమున డిప్లొమాయు, 1954లో ఉన్నతపట్టమును పొందిరి. కంటి శస్త్రచికిత్స యన్నచో వెండ్రుకవాసి తేడాయు రాకూడని పని. అట్టి పనికి ఆ వ్రేళ్లు తగునా యని చూచినవారు సందేహించుట సహజమే. ఆయన తన చేతికి అనువగు పనిముట్లను సమకూర్చుకొని, కత్తి పట్టుట నెమ్మదినెమ్మదిగా అభ్యసించిరి. తుదకు ఒక్కదినమున నూరు శస్త్రచికిత్సలు చేయగల నేర్పు ఆయనకు అలవడెను. 1956లో ఆయన మధుర ప్రభుత్వ వైద్యకళాశాలయందును, ఎర్స్‌కిన్ ఆసుపత్రియందును నేత్రవైద్యశాఖకు అధిపతులైరి. అచ్చట ఇరువది సంవత్సరములు పనిచేసిరి.

ఆయన ఎదుర్కొనిన శత్రువు ఎట్టిదో కొంత తెలిసికొనవలెను. మన కనుపాపకు వెనుక ప్రకృతి అమర్చిన కటక మొకటి కలదు. వెలుగు దానిగుండ పోయి, కంటి వెనుకభాగముననున్న తెరపై పడినప్పుడే మనకు వస్తువు కనబడును. వయస్సు పైబడినకొలది ఆ కటకము మసకబారి తుదకు పాలవలె తెల్లబడును. దీనినే శుక్లమందురు. మందులతో ఇది కుదురదు. ప్రాచీనకాలమున సూదితో ఆ కటకమును ప్రక్కకు త్రోసెడివారు. సుశ్రుతసంహితలో ఈ చికిత్స వర్ణింపబడినది. తరువాతి వైద్యులు దానిని కంటినుండి వెలికి తీయుట నేర్చిరి.

తీసినంతమాత్రమున చూపు పూర్తిగా రాదు. కటకములేని కన్నునకు మిక్కిలి దళసరియైన అద్దములు కావలెను. వానిగుండ చూచువారికి ప్రతి వస్తువును ఉన్నదానికంటె పెద్దదిగా తోచును. ఎదుటనున్నది కనబడునే గాని ప్రక్కనున్నది సరిగా కనబడదు. గిన్నె అందుకొనబోయిన చేయి దానికి ఇవతలనే ఆగిపోవును. పొలములో వంగి నాటు వేయు కూలికి ఆ యద్దములు నిలుచుటయే కష్టము. అవి పగిలినచో, పోయినచో, క్రొత్తవి కొనలేని పేదవాడు మరల గ్రుడ్డివాడే. చికిత్స జరిగెను, కాని చూపు అద్దముతోపాటు పోయెను.

ఈ లోపమునకు ఉపాయము కనుగొనినవాడు లండను నగరపు నేత్రవైద్యుడు హారొల్డ్ రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధమున శత్రువుల తుపాకిదెబ్బలకు యుద్ధవిమానముల కప్పులు పగిలి, వాని తునకలు విమానచోదకుల కన్నులలో గ్రుచ్చుకొనెడివి. ఆ కప్పులు గాజువి కావు; పెర్స్‌పెక్స్ అను ఒకవిధమైన ప్లాస్టిక్కుతో చేసినవి. పరాయివస్తువు లోపల పడినచో కన్ను ఎఱ్ఱబడి వాచుట సాధారణము. కాని ఈ తునకలు లోపలనే యున్నను కన్ను వానిని సహించుట రిడ్లీ గమనించెను. అట్టి పదార్థముతోనే కటకము చేసి, తీసివేసిన కటకముచోట పెట్టిన నేమి యని ఆయన తలచెను. 1949వ సంవత్సరము నవంబరు 29వ తేదీన సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలి శస్త్రచికిత్స చేసెను. ఇంచుమించు అదే కాలమున, వేలమైళ్ల దూరమున, వెంకటస్వామిగారు వంకరపోయిన వ్రేళ్లతో వ్యాధికి లోబడియుండిరి.

రిడ్లీ మార్గము పూలబాట కాలేదు. తొలి కటకముల లెక్క తప్పినది. కొన్ని స్థానము తప్పినవి. కొన్నింటిని తీసివేయవలసి వచ్చినది. కంటినుండి పరాయివస్తువును తీయుట వైద్యుని పనియే గాని, లోపల పెట్టుట తగదని పెద్దలైన నేత్రవైద్యులు ఆయనను నిరసించిరి. దాదాపు ముప్పదియేండ్లు గడచిన పిదప కటకము మెరుగుపడి లోకమున నిలచెను. ఆయన వార్ధక్యమున తన రెండు కన్నులలోను అట్టి కటకములనే పెట్టించుకొనెను. 2000 సంవత్సరమున ఆంగ్లప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నొసగెను. మరుసటి యేడు ఆయన మరణించెను.

ఇచ్చట మధురలో వెంకటస్వామిగారు పల్లెలకు పోయి నేత్రశిబిరములు నడపుచుండిరి. అప్పుడాయనకు ఒక సత్యము తెలిసెను. చికిత్స ఉచితమన్నను పేదవాడు రాడు. బస్సునకు డబ్బు లేదు. దారిచూపు మనిషి పనిమానుకొని వచ్చినచో ఆనాటి కూలి పోవును. పట్టణమున తిండి ఎవరు పెట్టుదురు? కాబట్టి రోగిని తెచ్చుట, భోజనము పెట్టుట, తిరిగి ఇంటికి చేర్చుటకూడ వైద్యములో భాగమే యని ఆయన గ్రహించిరి. 1973లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగెను.

1976లో, ఏబదియెనిమిదవ యేట, ఆయన ప్రభుత్వోద్యోగమునుండి విరమించిరి. విశ్రాంతి తీసికొనవలసిన వయస్సున ఒక అద్దెయింట పదునొకండు పడకలతో ఆసుపత్రి తెరచిరి. యోగి అరవిందులయందు భక్తిగల ఆయన దానికి అరవింద నేత్రాలయమని పేరిడిరి. చెల్లెలు డాక్టరు నాచ్చియారు, మరది డాక్టరు నంపెరుమాళ్‌సామి మొదలైన బంధువులు ఆయనకు తోడు నిలిచిరి. మూలధనము లేదు. ఇల్లు తాకట్టు పడెను. ఇంటి ఆడువారి నగలును తాకట్టుకొట్టు చేరెను. డబ్బు చెల్లింపగలవారి రుసుముతో చెల్లింపలేనివారి చికిత్స జరుపుట ఆ ఆసుపత్రి నియమము. ఇరువురికిని చికిత్స చేయు వైద్యులు వారే.

పని వేగమునకు ఆయన ఒక పద్ధతి ఏర్పరచిరి. శస్త్రచికిత్సాగారమున బల్లలు ప్రక్కప్రక్కన నుండును. ఒక బల్లపై చికిత్స ముగియులోపల రెండవదానిపై రోగి సిద్ధముగా నుండును. వైద్యుడు ఇటునుండి అటు తిరుగుటయే జాగు. పల్లెటూళ్ల యువతులకు శిక్షణమిచ్చి, సిద్ధపరచు పనులన్నియు వారికి అప్పగించిరి.

ఇంతలో విదేశములయందు కంటిలోని కటకము వాడుకలోకి వచ్చెను. ధనవంతుడు అద్దము లేకయే చూచుచుండెను. పేదవాడు దళసరి అద్దముతో తడబడుచుండెను. కటకము ధనికదేశముల వస్తువనియు, లక్షలకొలది అంధులుగల దేశమునకు చౌకయైన పాతపద్ధతియే చాలుననియు పలువురు నిపుణులు తలచిరి. వెంకటస్వామిగారి మనస్సు దీనికి సమ్మతింపలేదు. ఒకే వ్యాధికి ధనికునికొక చూపు, దరిద్రునికొక చూపు అను భేదము ఆయనకు సహింపరానిదయ్యెను. కాని ఆ కటకము వెల సుమారు 100 డాలర్లు. ఉచితముగా చికిత్సపొందు వేలమందికి దానిని కొని పెట్టుట ఏ ఆసుపత్రికిని సాధ్యము గాదు.

కొనలేనిదానిని స్వయముగా చేసికొనవలెనని ఆయన నిశ్చయించిరి. డేవిడ్ గ్రీన్ అను అమెరికాదేశీయుని తోడ్పాటుతో 1992లో మధురలో ఆరోలాబ్ అను కర్మాగారము నెలకొల్పబడెను. ధూళికణమైనను చొరనీయని గదులలో, నిలువెల్ల తెల్లని ఉడుపులు ధరించి, పల్లెలనుండి వచ్చిన యువతులు కటకములను చెక్కి, నునుపుచేసి, పరీక్షించుచుండిరి. కటకము వెల సుమారు 10 డాలర్లకు దిగెను. పిమ్మట అంతకంటెను తగ్గెను. మధురలో తయారైన కటకములు నూరు దేశములకు పైగా పోయినవి. వైద్యులు మసకబారిన భాగమును తీసి, కటకమును చుట్టియున్న పలుచని సంచిని మాత్రము నిలిపి, దానిలో ఈ క్రొత్త కటకమును అమర్చుదురు. పిమ్మట అది జీవితాంతము అచ్చటనే యుండును. పగులదు, జారిపోదు, ఎవరును దొంగిలింపలేరు.

వెంకటస్వామిగారు వివాహము చేసికొనలేదు. కడవరకు నిరాడంబరముగా జీవించి, నిత్యము ఆసుపత్రికి వచ్చుచుండిరి. 2006వ సంవత్సరము జూలై 7వ తేదీన మధురలో స్వర్గస్థులైరి. అద్దెయింట మొలకెత్తిన ఆ సంస్థ అప్పటికే తేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరి నగరములకు వ్యాపించి యుండెను. నేడు తిరుపతిలోకూడ దాని శాఖ కలదు.

పల్లెలో వైద్యుడు లేక ముగ్గురు ఆడపడుచులు మరణించిననాడు ఒక బాలుడు చేసికొనిన నిశ్చయము వ్యాధిచే దారి మళ్లినదే గాని, నశింపలేదు. కలము పట్టలేకపోయిన ఆ చేయి లక్షమంది కన్నులలో చీకటిని తొలగించెను. గోష్పాదపు మెట్లపై ఒక ముదుసలి కట్టెఊతయు, పిల్లవాని భుజమును లేక దిగి, ఆవలి గట్టుపై రాజమహేంద్రవరపు దీపములను తన కన్నులతో చూచినప్పుడు, ఆ చూపులో వెంకటస్వామిగారి వంటివారి శ్రమయు కొంత కలసియున్నది.