డాక్టర్ న్యూయెల్ పెర్రీ

కాలిఫోర్నియా అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొకటి. 1928వ సంవత్సరమున అచ్చటి ఓటర్లు ఒక రాజ్యాంగ సవరణపై తమ నిర్ణయమును తెలుపవలసి వచ్చెను. నిరుపేదలైన అంధులకు ప్రభుత్వ ధనమునుండి సహాయము చేయుటకు వీలు కల్పించు సవరణ అది. దానికై పాటుపడినవారిలో అగ్రగణ్యుడు డాక్టర్ న్యూయెల్ పెర్రీ. ఆయనయు అంధుడే, వృత్తిచే ఉపాధ్యాయుడు.

పెర్రీ 1873లో కాలిఫోర్నియా యందే జన్మించెను. ఎనిమిదవ యేట ఒక విషపు మొక్క సోకుటచే తీవ్రముగా జబ్బుపడి చూపు కోల్పోయెను. పిదప బర్కిలీ పట్టణమునందలి అంధుల పాఠశాలలో చేరెను. చేతిలో పైకము లేదు. వెనుక అండ లేదు. ఐనను పట్టుదల విడువక చదివి 1896లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడయ్యెను. తరువాత జర్మనీ దేశమునకు పోయి, 1901లో మ్యూనిక్ విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమందు డాక్టరు పట్టము పొందెను.

ఇంతటి విద్వాంసుడు స్వదేశమునకు తిరిగివచ్చి కళాశాలలలో ఉద్యోగము కోరగా, అంధుడన్న కారణముచే ఎవ్వరును ఈయరైరి. న్యూయార్కు నగరమున విద్యార్థులకు ప్రైవేటుగా లెక్కలు చెప్పి జీవనము గడుపుకొనెను. అప్పుడును ఊరకుండలేదు. ఉన్నత విద్య నభ్యసించు అంధులకు పుస్తకములు చదివి వినిపించువారికి ప్రభుత్వమే వేతనమిచ్చునట్లు, 1907లో ఆ రాష్ట్రమున శాసనము చేయించెను.

1912లో తాను చదివిన బర్కిలీ పాఠశాలకే ఉపాధ్యాయుడై వచ్చి, 1947 వరకు అచ్చటనే పనిచేసెను. శిష్యులను విశ్వవిద్యాలయములకు పంపుచుండెను. కాని చదువు ముగిసిన పిమ్మట వారి గతి యేమి? పని యిచ్చువారు అరుదు. బంధువుల పంచను పడియుండుటయో, పరుల దయకై చేయి చాచుటయో తప్పదు. దాతకు దయ కలిగినప్పుడు దొరకు కూడు మనిషిని వంగదీయును. చట్టము చొప్పున నెలనెల అందు పైకము మనిషిని నిలువబెట్టును. పెర్రీ కోరినది ఈ రెండవది.

దానికి అడ్డుగా నిలిచినది రాష్ట్ర రాజ్యాంగమే. ప్రభుత్వ ధనమును వ్యక్తులకు ఉచితముగా ఇచ్చుటను అది నిషేధించెను. రాజ్యాంగమును మార్చవలెనన్న ప్రజల ఓటు కావలెను. అంధులు కొలదిమంది, ఓటర్లు లక్షలమంది. కొలదిమంది కష్టమును పెక్కుమందికి తెలియజెప్పి, వారిచే ఔననిపించవలసి యుండెను. 1928లో ప్రజలు సమ్మతించిరి. మరుసటి సంవత్సరము అంధుల సహాయ శాసనము అమలులోనికి వచ్చెను.

పెర్రీ 1961లో కీర్తిశేషుడయ్యెను. ఆయన శిష్యుడగు జేకబస్ టెన్‌బ్రోక్ అను అంధుడు రాజ్యాంగశాస్త్ర పండితుడై, 1940లో అమెరికా అంధుల జాతీయ సమాఖ్యను స్థాపించి గురువు త్రోవను దేశమంతటికి విస్తరింపజేసెను.

విద్యార్థులారా! సంఖ్యలో కొలదివారమని చిన్నబోవలదు. న్యాయమైన మాటను ఓపికతో పదిమందికి చెప్పగలవారికి ఆ పదిమందియే బలమగుదురు.