విద్యా సంజీవని – దామోదరం సంజీవయ్య

రాయలసీమ మెట్టభూములలో వాన ముఖం చాటేసిన ఏడు పైరుతోపాటు పిల్లల చదువు కూడా ఎండిపోతుంది. కళ్యాణదుర్గం వంటి కరవు ప్రాంతాలలో ఇది తరతరాల అనుభవం. రైతు వలసపోతే అతని బిడ్డ కూర్చున్న చోటు బడిలో ఖాళీ అవుతుంది. దళితవాడల పిల్లలకైతే ఒకనాడు ఆ చోటే లేదు. అట్టి కాలంలో పుట్టి, అనంతపురం కళాశాలలో పట్టభద్రులై, రాష్ట్ర ముఖ్యమంత్రి పదవిని అలంకరించిన మేధావి దామోదరం సంజీవయ్య.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు సమీపంలోని పెదపాడు గ్రామంలో మునెయ్య, సుంకులమ్మ దంపతులకు జన్మించారు. పుట్టిన కొద్ది దినాలకే తండ్రి మరణించాడు. సెంటు భూమి లేని ఆ కుటుంబానికి నేతపని, కూలిపనులే జీవనాధారాలు. బాల్యంలో కొంతకాలం మేనమామ ఇంట పశువులు కాసిన సంజీవయ్య తిరిగి స్వగ్రామం చేరి బడిలో అడుగుపెట్టారు. అన్న చిన్నయ్య తాను కష్టపడుతూ తమ్ముని చదివించాడు. కర్నూలు పురపాలక ఉన్నత పాఠశాలలో చేరిన సంజీవయ్య 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. ఉత్తీర్ణులయ్యారు.

ఆపై చదువుకు అన్న రెక్కల కష్టం చాలదు. అప్పుడు ప్రభుత్వ ఉపకారవేతనం ఆదుకొన్నది. దాని ఆసరాతో ఆయన అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరారు. 1916లో వెలసిన ఆ కళాశాల రాయలసీమలో ఉన్నత విద్యకు పట్టుగొమ్మ. అక్కడ గణితశాస్త్రం ప్రధాన విషయంగా చదివి 1942లో పట్టం పొందారు.

పట్టం చేతికి వచ్చినంతమాత్రాన కష్టాలు తీరలేదు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. కర్నూలు రేషను కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. తరువాత కూడా దొరికినవి చిన్న ఉద్యోగాలే. అయినా ఆయన చదువుపై ఆశ వదులుకోలేదు. మద్రాసు న్యాయ కళాశాలలో చేరి, ఒక పాఠశాలలో లెక్కలు బోధిస్తూ ఆ వేతనంతో ఖర్చులు గడుపుకొని, 1948లో న్యాయశాస్త్ర పట్టభద్రులయ్యారు.

1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులుగా ఆయన ప్రజాజీవితం ఆరంభమైంది. 1952లో రాజాజీ మంత్రివర్గంలో స్థానం లభించింది. 1960 జనవరి 11వ తేదీన, ముప్పైతొమ్మిదవ ఏట, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. భారతదేశంలో ఆ పదవిని పొందిన మొట్టమొదటి దళితుడు ఆయనే. అప్పుడు ఆ పీఠాన్ని వీడి కాంగ్రెసు అధ్యక్షులైన నీలం సంజీవరెడ్డి సైతం అనంతపురం కళాశాల పూర్వ విద్యార్థే. ఒకరు సంపన్న రైతు కుటుంబీకులు, మరొకరు భూమిలేని కూలి బిడ్డ. ఇద్దరినీ ఒకే పీఠానికి అర్హులను చేసిన తరగతి గది విలువ అంతటిది. 1962లో సంజీవయ్య అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులై, ఆ గౌరవం పొందిన ప్రథమ దళితునిగా చరిత్రకెక్కారు. అనంతరం కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు.

ముఖ్యమంత్రిగా ఆయన పాలన రెండేళ్లకు కొద్దిగా మించినది మాత్రమే. ఆ స్వల్పకాలంలోనే నిరాధారులైన వృద్ధులకు పింఛను పథకం మొదలైంది. భూమిలేని పేదలకు బంజరు భూములు పంచారు. లంచగొండితనాన్ని అరికట్టడానికి 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఆకలి, ఆశ్రయలేమి, అధికారుల నిర్లక్ష్యం ఎట్టివో స్వయంగా ఎరిగినవాడు పాలకుడైతే పాలన ఎటు చూస్తుందో ఈ కార్యాలే నిరూపిస్తాయి. అణగారిన వర్గాలకు అధికారంలో చోటు కల్పించడం వారికి పెట్టే భిక్ష కాదు. అది సమాజానికి అంతవరకు కొరవడిన చూపు.

1972 మే నెలలో సంజీవయ్య పరమపదించారు. పిల్లలకు లెక్కలు చెప్పుకొంటూ న్యాయశాస్త్రం చదివిన ఆ విద్యార్థి పేరు విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం నేడు ధరించింది.

ప్రతిభ ఏ వాడలోనైనా పుడుతుంది. అన్న చెమట, ప్రభుత్వ ఉపకారవేతనం తోడుకాకుంటే పెదపాడులో పుట్టిన ప్రతిభ పశువుల వెంటనే నిలిచిపోయేది. కరవు సీమ వసతిగృహాలలో దీపం ముందు కూర్చున్న పిల్లలకు నేడు అందే ప్రతి రూపాయిని ఈ దృష్టితో చూడాలి.